కుంటాల నీళ్లు, రెండు ఫ్రేములు

స్క్రీన్ మీద ఎడమ పక్క షట్టర్ 2 సెకన్లు తెరిచి తీసిన ఫ్రేము, కుడి పక్క అదే చోట నుంచి 1/15 సెకనుది. రెండిట్లోనూ మన కుంటాల జలపాతమే, కానీ మొదటిదాంట్లో కడెం వాగు నీళ్లన్నీ దూది పరిచినట్టు తెల్లగా చదునైపోయాయి, రాయి మీద ధార ఎక్కడ విరిగిందో కూడా తెలియడం లేదు.

పొద్దున్నుంచి వీటినే కలుపుతూ కూర్చున్నా. కింద లేయర్ 2 సెకన్లది, పైన వేగంగా తీసింది, దానికి నల్ల మాస్క్ వేసి (అంటే మొత్తం కనపడకుండా కప్పేసి), నీళ్లు రాతి అంచుకి తగిలే చోట మాత్రం మెత్తటి బ్రష్‌తో 30, 40 శాతం తెరవడం. పూర్తిగా తెరిస్తే నీళ్లు అక్కడే ఆగిపోయినట్టు ఉంటాయి. కింద మడుగుని ముట్టుకోలేదు, దానికి ఆ నునుపే అందం. కొమ్మలకి మాత్రం వేగంగా తీసిందే, ఆకులు గాలికి చెదిరిపోయాయి కదా.

ట్రైపాడ్ కదలకూడదు, ఎన్‌డీ ఫిల్టర్ (లెన్స్‌లోకి వెలుతురు తగ్గించే నల్లద్దం) తీసేటప్పుడు ఫోకస్ రింగ్ జరగకూడదు (అందుకే మాన్యువల్ ఫోకస్), ఇవన్నీ మన చేతిలో ఉన్నవే. తుంపర ఒక్కటే మాట వినదు, ఫ్రేము ఫ్రేముకీ లెన్స్ తుడవాల్సిందే.

తమ్ముడు వెనక నుంచి తొంగి చూసి "అన్నా, ఇది తీసిందా, గీసిందా?" అన్నాడు. వేర్వేరు క్షణాల నీళ్లు ఒకే బొమ్మలో ఉన్నాయి మరి, వాడి డౌటూ న్యాయమైనదే. అయినా అక్కడ నిలబడితే ధారలూ కనిపిస్తాయి, పొగలాంటి తెలుపూ కనిపిస్తుంది.

పైన ఎండ పడ్డ చోట తెలుపు ఇంకా పేలిపోయే ఉంది, వివరాలేవీ కనపడటం లేదు. దానికోసం చీకటిగా తీసిన ఫ్రేము ఒకటుంది, అది భోంచేశాక.