సెట్‌లో లైవ్ గ్రేడింగ్: రంగుల కంటే ముందు తేల్చుకోవలసినవి

సెట్‌లో లైవ్ కలర్ గ్రేడింగ్ (షూటింగ్ జరుగుతుండగానే బొమ్మ రంగులు దిద్దడం) సరిగా కుదరనప్పుడు అందరి చూపూ ముందు మానిటర్ మీదికి పోతుంది. నేను చూసినంతలో చిక్కు తరచుగా కెమెరాకూ మానిటర్‌కూ నడుమ ఉన్న పరికరాలు ఒకే సిగ్నల్‌ను తలా ఒక రకంగా అర్థం చేసుకోవడంలోనే ఉంటుంది.

బొమ్మ అసలే రాకపోతే పెద్దగా కంగారు పడనక్కర లేదు. సెకనుకు 50 లేదా 60 ఫ్రేముల 1080పీ సిగ్నల్‌ను 3జీ ఎస్‌డీఐ అనే వీడియో కేబుల్ ప్రమాణంలో లెవెల్ ఏ, లెవెల్ బీ అని రెండు పద్ధతుల్లో పంపవచ్చు. కెమెరా ఒకటి పంపి, లట్ బాక్స్ (రంగులు మార్చే పట్టిక అయిన లట్‌ను సిగ్నల్‌కు వేసే పెట్టె) మరొకటి మాత్రమే అందుకోగలిగితే తెర ఖాళీగా ఉంటుంది, మెనూలో ఒక్క మార్పుతో సర్దుకుంటుంది.

బొమ్మ వచ్చి, కాస్త తేడాగా వచ్చినప్పుడే ప్రమాదం. 10 బిట్ ఎస్‌డీఐలో లీగల్ పరిధి (వీడియో విలువలకు మామూలుగా వాడే హద్దులు) ప్రకారం నలుపు 64 దగ్గర, తెలుపు 940 దగ్గర ఉంటాయి. పూర్తి పరిధిలోనైతే 4 నుంచి 1019 వరకు వాడుకోవచ్చు. కెమెరా పూర్తి పరిధిలో పంపుతుండగా సాఫ్ట్‌వేర్ దానిని లీగల్ అనుకుంటే నీడలు మరింత నల్లబడి, వెలుగులు మరింత తెల్లబడతాయి. ఏ హెచ్చరికా రాదు. పైగా కాంట్రాస్ట్ బాగుందని మెచ్చుకునేవారూ ఉంటారు. ఆ బొమ్మను చూసుకుంటూ దిద్దిన సీడీఎల్ (రంగుల దిద్దుబాటును అంకెల్లో రాసే పద్ధతి) విలువలు డీఐకి, అంటే సినిమా రంగులను చివరిగా దిద్దే దశకు, వెళ్లి, పరిధి సరిగా ఉన్న అసలు ఫైలు మీద పడగానే షాట్ వెలవెలబోతుంది. అందుకే లట్ వేయకముందే లెన్స్‌కు మూత పెట్టి, వేవ్‌ఫామ్‌లో (వెలుగు స్థాయిలు చూపే గ్రాఫ్‌లో) నలుపు ఎక్కడ నిలిచిందో చూసి, ఆ కెమెరా లాగ్ కర్వ్‌కు (వెలుగును సిగ్నల్ విలువలుగా మార్చే లెక్కకు) తయారీదారు ప్రకటించిన విలువతో పోల్చుకోవడం నాకు అలవాటు.

లట్ పరిమాణం సంగతీ చూసుకోవాలి. ఒక్కో రంగుకు 33 పాయింట్ల లట్‌లో 35,937 నమూనా బిందువులు ఉంటే, 17 పాయింట్ల దానిలో 4,913 మాత్రమే ఉంటాయి. పెద్ద లట్‌ను చిన్నది మాత్రమే పట్టే బాక్స్‌లోకి కుదించి ఎక్కిస్తే, గాఢమైన రంగులు ఒకదానిలోకి ఒకటి మారే చోట, ముఖ్యంగా నియాన్ వెలుగు పడిన చర్మం మీద, తేడా కంటికి కనిపించవచ్చు.

కంప్యూటర్ వైపు చికాకంతా అప్‌డేట్లదే. ఆపిల్ 2020లో మ్యాక్‌లను సొంత చిప్‌లకు మార్చడం మొదలుపెట్టినప్పుడు, కొత్త డ్రైవర్ వచ్చేదాకా కొన్ని పాత క్యాప్చర్ పరికరాలు (సిగ్నల్‌ను కంప్యూటర్‌లోకి తీసుకునేవి) వాటితో పనిచేయలేదు. షూటింగ్ నడుస్తుండగా ఆపరేటింగ్ సిస్టమ్‌ను అప్‌డేట్ చేయడం, నా దృష్టిలో, చేజేతులా కష్టం కొనితెచ్చుకోవడమే.

సీడీఎల్‌లో ఉండేవి పది అంకెలే: మూడు రంగుల్లో ఒక్కోదానికి స్లోప్ (గుణించే విలువ), ఆఫ్‌సెట్ (కూడే విలువ), పవర్ (ఘాతం), వాటిపైన ఒక సాచురేషన్ (రంగుల గాఢత). అయితే వాటిని లట్‌కు ముందు వేశామా, తర్వాత వేశామా అన్నది ఆ అంకెలను బట్టి తెలియదు. ఆ వరుసనూ, లట్ ఫైలునూ, సిగ్నల్ పరిధినీ రాసి సీడీఎల్‌తో పాటే డీఐకి పంపుతాను.