పాకాల అంచున మక్క చేను

హన్మకొండ నుంచి నర్సంపేట దాకా బస్సులో నిలబడే వెళ్లాను. అక్కడి నుంచి ఖానాపురం వైపు ఆటోకు ఇచ్చిన కిరాయి ఆ బస్సు చార్జీని మించిపోయింది. దారి పొడుగునా నా మనసులో ఒకటే ఆలోచన: అక్కావాళ్ల మక్క చేనును తినిపోతున్న ఎలుకలకూ ఉడతలకూ, ఎన్‌సీసీలో నేను కాల్చిన పాయింట్ టూ టూ (.22 అంగుళాల సన్న గొట్టం) రైఫిల్ ఒకటి ఉంటే చాలు కదా అని.

ఆ రైఫిల్ మీద నాకు ఇప్పటికీ ఇష్టమే. తూటా అడుగు అంచులోనే రాజుకునే మందు ఉంటుంది, సూది ఆ అంచును కొడితే చాలు, భుజానికి దెబ్బ తెలియదు. బోర్లా పడుకొని, 25 గజాల దూరంలోని గురి అట్ట మీదికి ఐదు తూటాలు కాల్చిన ఉదయం నాకు నిన్నటిలా ఉంది.

చేను గట్టు మీద ఆ మాట ఎత్తగానే బావ తల అడ్డంగా ఊపాడు. వాళ్ల నాన్నకు ఒకప్పుడు మందు కూరి కాల్చే తుపాకికి లైసెన్సు ఉండేదట. 1959 నాటి ఆయుధాల చట్టం పంట కాపలా పేరుతో ముందుగా చెప్పేది ఆ రకం తుపాకినే. పాయింట్ టూ టూను మాత్రం రైఫిల్ క్లబ్బు సభ్యుల గురి సాధనకు చెప్పింది. పైగా పక్కనే పాకాల అభయారణ్యం. "కోతిని కొడితే పాపం, నెమలిని కొడితే జైలు. ఆ చిన్న తూటా గురి తప్పితే ఏడికి పోతదో చెప్పు" అన్నాడు. రెండున్నర గ్రాముల సీసం కిలోమీటరు దాటి పోగలదని నాకు తెలుసు. ఎదుటి చేనులో కలుపు తీస్తున్న ఆడవాళ్లను చూశాక నేను మారు మాట్లాడలేదు.

బావ దగ్గరున్నది మోతతో కోతులను బెదరగొట్టే పీవీసీ గొట్టం. అందులో కార్బైడ్ ముక్క వేసి, నాలుగు చుక్కల నీళ్లు చిలకరించి, మూత బిగించి ఊపగానే వెల్లుల్లి లాంటి ఘాటు వాసన వచ్చింది. వెనుక బిగించిన గ్యాస్ లైటర్ నొక్కితే చెవులు గింగురుమన్నాయి. మొదటి మోతకు కోతుల మంద వేపచెట్టెక్కింది. మూడో మోతకు ఒక ముసలి కోతి కొమ్మ మీదే కూర్చుని కంకి పొట్టు ఒలుచుకుంటూ మావైపు చూసింది.

రాత్రి మంచె మీద బావ, నేను వంతులు వేసుకొని డబ్బా వాయించాం. రెండు గంటలకు, వాయింపు ఆగిన కాసేపట్లోనే, అడవి పందులు గట్టువైపు నుంచి దిగాయి. తెల్లారేసరికి నాలుగు సాళ్లు నేలమట్టమై ఉన్నాయి. అక్క ఏమీ అనకుండా, మిగిలిన లేత కంకులు ఏరి ఒడిలో వేసుకుంటోంది.