కోళ్లు మడులు తవ్వేస్తుంటే మేం చేసిన పని

మా పెరట్లో ఆరు నాటు పెట్టలు, ఒక పుంజు. పోయిన నెల తోటకూర, మెంతి చల్లి రోజూ నీళ్లు పెడుతుంటే నాలుగో రోజుకి మొలకలొచ్చాయి, ఐదో రోజు పొద్దున లేచేసరికి మడి మొత్తం గుంతలే, ఒక పెట్ట మధ్యలో పడుకుని రెక్కలతో మట్టి ఎగజల్లుకుంటోంది. నాకైతే ఏడుపొక్కటే తక్కువ.

అమ్మ వచ్చి చూసి, వాటికి కావాల్సింది మెత్తటి మట్టే, దాంట్లో పురుగులు వెతుక్కుంటాయి, ఒంటికి పట్టిన పేలు పోవడానికి పొర్లుతాయి, అది వేరేచోట దొరికితే నీ మడి జోలికెందుకొస్తాయే అంది. నిజమే కదా అనిపించింది. జామచెట్టు కింద పొడి మట్టిలో పొయ్యి బూడిద కలిపి ఒక గుంత చేశాం. పాత కుండలో గడ్డి, పేడ కుక్కి చెదలు ఉన్నచోట రాత్రంతా బోర్లించి, పొద్దున్నే ఆ చెదల్ని పెంటకుప్ప దగ్గర దులుపుతున్నాం, ఇక చూడాలి కోళ్ల పరుగులు!

మడి మీద మాత్రం తుమ్మకంప పరిచాను, మొక్క జానెడయ్యేదాకా అది తియ్యను. వంగ, మిరప మొదళ్ల చుట్టూ పెంకు ముక్కలు పేర్చితే వేర్లు బయటపడట్లేదు. చుట్టూ వల కట్టొచ్చు కానీ నాటుకోడి ఎగిరి గోడలే దాటుతుంది, పొట్టి వల దండగ. నారు నాటిన మొదటి వారం మధ్యాహ్నందాకా కోళ్లని గంప కింద ఉంచి, తర్వాత వదులుతున్నా. నిన్నే మొదటిసారి తోటకూర కోశాను.