సాంగ్రియా, ఏడో విడత: చేదు పండులోనే ఉందా?

నిన్న రాత్రి ఫ్రిజ్ తెరిచి రెండో సీసాలోని వైన్‌ను చెంచాతో రుచి చూసినప్పుడు, వైన్‌లో పండ్లు ఊరబెట్టి చేసే స్పెయిన్ పానీయం సాంగ్రియాలో మూడు వారాలుగా నన్ను వేధిస్తున్న చేదు మళ్లీ నాలుకకు తగిలింది. అయితే ఏ సీసాలో అది రానే రాదని నమ్మానో సరిగ్గా అందులోనే వచ్చింది కాబట్టి, నిరాశకు బదులు ఎంతో ఉత్సాహం కలిగింది.

నాలుగో విడత నుంచి నా మూల కొలతలు ఇవే. 750 మిల్లీలీటర్ల ఎర్ర వైన్, 50 మిల్లీలీటర్ల హెరెస్ (స్పెయిన్) బ్రాందీ, 200 మిల్లీలీటర్ల నారింజ రసం, 60 గ్రాముల పంచదార, చక్రాలుగా కోసిన ఒక నారింజ, ఒక నిమ్మకాయ, ఒక ఆపిల్, ఒక దాల్చిన చెక్క. వడ్డించే ముందు 250 మిల్లీలీటర్ల గసేయోసా, అంటే స్పెయిన్‌లో దొరికే తియ్యటి సోడా. నా లెక్క ప్రకారం ఆల్కహాల్ తొమ్మిదిన్నర శాతం దాకా వస్తుంది. సాంగ్రియాకు యూరోపియన్ యూనియన్ విధించిన 4.5 నుంచి 12 శాతం హద్దులో ఇది హాయిగా ఇముడుతుంది. తీపి, బుడగలు, రంగు అన్నీ కుదిరాయి. గసేయోసా విషయంలో లా కసేరా బ్రాండ్ తప్ప మరొకటి కొనాలని నాకు అనిపించడం లేదు.

చిక్కంతా ఊరే సమయంతోనే వస్తోంది. రెండు గంటలకు అద్భుతంగా ఉన్న పానీయం పద్నాలుగు గంటలకు, గుటక దిగిన తరువాత, నాలుక మొదట్లో చేదును వదిలిపెడుతోంది. మొదట నేను వగరునూ చేదునూ కలిపి చూసి పొరబడ్డాను. ఓక్ పీపాలో ఏడాది నిలవున్న రియోహా ప్రాంతపు క్రియాన్సా వైన్‌ను తప్పుపట్టి, ఐదో విడతకు పీపా ఎరుగని కాంపో దె బోర్హా ప్రాంతపు గర్నాచా ద్రాక్ష వైన్‌ను తెచ్చాను. వగరు పోయింది, చేదు మాత్రం అలాగే ఉంది. (పండ్లు వేసి ఊరబెట్టడానికి క్రియాన్సాను వాడటం డబ్బు దండగ అని నా గట్టి అభిప్రాయం.) ఆరో విడతలో దాల్చిన చెక్క తీసేస్తే సువాసన తగ్గిందే తప్ప మరే మార్పూ లేదు. పంచదారను 90 గ్రాములకు పెంచితే ముందు తీపి, వెనుక చేదు విడివిడిగా తెలిసి మరింత ఇబ్బంది పెట్టాయి.

అందుకే ఈసారి రసం, బ్రాందీ, పంచదార ఏవీ కలపకుండా నాలుగు గాజు సీసాల్లో 150 మిల్లీలీటర్ల చొప్పున గర్నాచా పోసి, 5 డిగ్రీల చలిలో ఉంచాను. మొదటి సీసాలో తొక్కతో సహా 40 గ్రాముల నేవల్ రకం నారింజ చక్రాలు. రెండో దానిలో తొక్కనూ, దాని కింద దాదాపు 4 మిల్లీమీటర్ల మందాన ఉన్న తెల్ల పొరనూ కత్తితో పూర్తిగా చెక్కేసిన 40 గ్రాముల తొనలు. మూడో దానిలో తెలుపు అంటకుండా గీసిన 3 గ్రాముల పైతొక్క. నాలుగో దానిలో గింజలు తీసిన నిమ్మ తొనలు. మొదటిది ఆరు గంటలకే చేదెక్కింది. మూడోది, నాలుగోది పన్నెండు గంటల తరువాత కూడా స్వచ్ఛంగా ఉన్నాయి. తెల్ల పొర ఆనవాలైనా లేని రెండోది ఆరు గంటలకు బాగానే ఉండి, పన్నెండు గంటలకు చేదుగా మారింది.

నా అనుమానం లిమోనిన్ అనే చేదు పదార్థం మీద ఉంది. నేవల్ పండులో, తొనల పొరల్లో కూడా, రుచిలేని ఒక పదార్థం ఉంటుంది. పండును కోసినప్పుడు అది రసంలోని పులుపుతో కలిసి, మెల్లగా చేదైన లిమోనిన్‌గా మారుతుంది. నేవల్ రసం పిండిన కొన్ని గంటలకు చేదెక్కడానికి కారణం ఇదే. నీటిలో అంతగా కరగని లిమోనిన్ ఆల్కహాల్‌లో తేలికగా కరుగుతుంది కనుక వైన్ దాన్ని మరింతగా లాగుతోందేమో. నిమ్మకాయ ఊరగాయకు ముక్కలు కోసేటప్పుడు అమ్మ ఒక్క గింజను కూడా వదలకుండా ఏరేసేది. ఆ గింజల్లోనూ లిమోనిన్ ఉంటుంది.

మాడ్రిడ్ మార్కెట్‌లోకి ఇప్పుడే వలెన్సియా లేట్ నారింజలు వస్తున్నాయి. ఈ రకంలో లిమోనిన్‌గా మారే ఆ పదార్థం తక్కువ కాబట్టి, శనివారం రెండు కిలోలు తెచ్చి ఇవే నాలుగు సీసాలను ఇవే కొలతలతో మళ్లీ పెడతాను. అవి కూడా చేదెక్కితే రాత్రంతా పైతొక్కను మాత్రమే ఊరబెట్టి, తొనలనూ రసాన్నీ వడ్డించడానికి రెండు గంటల ముందు కలుపుతాను. జూన్‌లో మంచి పీచ్ పండ్లు దొరకగానే, స్పెయిన్‌లోని లా మాంచా ప్రాంతం వాళ్లు సుర్రా అని పిలిచే తెల్ల వైన్ పానీయాన్ని అసలు నారింజ లేకుండానే మొదలుపెట్టాలని ఉంది.