డెన్వర్‌లో జూలై 10

గంజాయి ప్రియుల రోజుగా ఏప్రిల్ 20 పేరు చాలా దేశాల్లో తెలుసు. జూలై 10 సంగతి మాత్రం అమెరికాలోని కొలరాడో రాష్ట్ర రాజధాని డెన్వర్‌కు ఉద్యోగానికి వచ్చాకే నాకు తెలిసింది. ఇక్కడివాళ్లు తేదీ రాసేటప్పుడు నెలను ముందు రాస్తారు. అలా వచ్చే 710ని తలకిందులుగా చూస్తే ఇంగ్లీషులో ‘ఆయిల్’ అని కనబడుతుంది. గంజాయి నుంచి తీసే గాఢమైన సారాలన్నిటికీ కలిపి వాడే పేరు అది. ఆ రోజున గంజాయి దుకాణాల్లో తగ్గింపు ధరలు ఉంటాయి, బయట జనం వరుస కడతారు. ఈ సారాలు తయారుచేసేవాళ్లు తమ పనితనాన్ని ఒకరికొకరు చూపించుకుంటారు.

నేను నీటి నమూనాలు పరీక్షించే ప్రయోగశాలలో రసాయన విశ్లేషకురాలిని. గ్యాస్ క్రొమటోగ్రాఫ్ అనే పరికరం మీద హానికర రసాయనాల జాడ పట్టుకోవడం నా పని. సరిగ్గా ఇదే నైపుణ్యం గంజాయి పరీక్షా కేంద్రాలకూ కావాలి. కొలరాడో ఓటర్లు 2012 నవంబరులో పెద్దలకు గంజాయిని చట్టబద్ధం చేసే 64వ సవరణను ఆమోదించారు. 2014 జనవరి 1న 21 ఏళ్లు నిండినవారికి బహిరంగ అమ్మకాలు మొదలయ్యాయి. ఆ తర్వాత మా రంగం నుంచి ఎందరో అటు వెళ్లారు. నా పక్క బల్ల మీద పనిచేసిన మిత్రుడూ వాళ్లలో ఒకడు. ఈ లోకం గురించి నాకు తెలిసిన దాంట్లో సగం అతని నుంచి విన్నదే.

అతను చెప్పేది వింటుంటే అనకాపల్లి బెల్లం వంటశాల గుర్తొచ్చేది. ఒకే రసం పాకాన్ని బట్టి అచ్చు బెల్లమూ అవుతుంది, పాకం బెల్లమూ అవుతుంది. ఈ సారమూ అంతే. గాజు పలకలా పెళుసుగా ఉంటే షాటర్, మైనంలా ఉంటే వ్యాక్స్, వెన్నలా ఉంటే బడ్డర్. కోసిన మొక్కను ఎండబెట్టకుండా వెంటనే గడ్డకట్టించి తీస్తే లైవ్ రెజిన్. వాసననిచ్చే టెర్పీన్లు ఎండబెట్టినప్పుడు చాలావరకు ఎగిరిపోతాయి కాబట్టి ఆ జాగ్రత్త.

వీటిలో చాలావాటిని బ్యూటేన్‌ను సాల్వెంటుగా, అంటే మొక్కలోని సారాన్ని కరిగించే ద్రవంగా వాడి తీస్తారు. అది సున్నాకు అర డిగ్రీ కిందనే మరిగే వాయువు, గాలి కన్నా బరువైనది. మూసిన గదిలో నేల మీద పేరుకుని చిన్న నిప్పురవ్వకే పేలుతుంది. ఇళ్లలో రహస్యంగా తీయబోయి ఒళ్లు కాల్చుకున్నవాళ్లు ఎందరో ఉన్నారు. లైసెన్సు లేకుండా అలా తీయడం ఇక్కడ కూడా నేరమే. లైసెన్సున్న చోట తీసినా, సారంలో బ్యూటేన్ మిగిలిందా లేదా అని పరీక్షించాకే దుకాణానికి పంపాలి. మా మిత్రుడి ఉద్యోగం అదే. 2019లో అమెరికా అంతటా వేప్ పరికరాలు, అంటే ద్రవాన్ని వేడిచేసి ఆవిరిగా పీల్చే ఎలక్ట్రానిక్ సిగరెట్లు, వాడినవారిలో ఎందరివో ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయి. 2020 ఫిబ్రవరి నాటికి 68 మంది చనిపోయారు. చాలా నమూనాల్లో దొరికిన విటమిన్ ఇ ఎసిటేట్ అనే నూనెలాంటి పదార్థం ఎక్కువగా దొంగచాటుగా అమ్మిన గంజాయి సారంలో కలిపినదే. పరీక్ష ఎందుకు అవసరమో ఇంతకన్నా చెప్పనక్కరలేదు.

నాకు నిజంగా గౌరవం కలిగింది ఏ సాల్వెంటూ వాడని పద్ధతి మీద. ఐసు నీళ్లలో మొక్కను మెల్లగా కలియబెడితే, చలికి పెళుసెక్కిన రెజిన్ (జిగురు) గ్రంథులు విరిగి అడుక్కి చేరతాయి. వాటిని మైక్రాన్ల లెక్కన అల్లిన జల్లెడ సంచుల్లో వడకట్టి, గడ్డకట్టించి ఆరబెడతారు. తర్వాత రెండు వేడి పలకల మధ్య నొక్కితే బంగారు రంగులో కారేది రోజిన్. మొక్క మంచిది కాకపోతే ఈ పద్ధతిలో దాచడానికి వీల్లేదు. అందుకే వేడుకల్లో దీన్ని చేసేవాళ్లకు అంత మర్యాద. దీన్ని పీల్చడానికి వాడే గాజు పరికరాలను గాజు ఊది తయారుచేసేవాళ్లకూ అభిమానులు ఉన్నారు.

అయినా ఇది తేలికగా తీసుకునే సరుకు కాదు. ఈ సారాల్లో మత్తునిచ్చే టీహెచ్‌సీ సాధారణంగా 60 నుంచి 90 శాతం దాకా ఉంటుంది. మామూలు గంజాయి పువ్వులో అది దాదాపు 15 నుంచి 25 శాతం. వైద్యం కోసం గంజాయి కొనే కార్డున్నవారు ఒకప్పుడు ఈ సారాలను రోజుకు 40 గ్రాముల దాకా కొనగలిగేవారు. 2021లో చేసిన చట్టం ఆ పరిమితిని 8 గ్రాములకు దించింది. కుర్రవాళ్ల చేతికి చేరుతోందన్న ఆందోళనే దానికి కారణం. ఆ కోత సరైనదే అని నా అభిప్రాయం.

మిత్రుడు ఒకసారి తన కేంద్రంలో ఖాళీ ఉంది, జీతం ఎక్కువ, రమ్మని పిలిచాడు. రాలేనని చెబితే నమ్మలేకపోయాడు. రాష్ట్రం అనుమతించినా ఫెడరల్ చట్టం, అంటే అమెరికా కేంద్ర ప్రభుత్వ చట్టం, అనుమతించదు. వీసాలు, గ్రీన్ కార్డులు, పౌరసత్వం అన్నీ ఫెడరల్ ప్రభుత్వం చేతిలోవే. రాష్ట్ర చట్టం ప్రకారం నడిచే గంజాయి సంస్థలో ఉద్యోగం చేసినా ‘సత్ప్రవర్తన’ లేదని పౌరసత్వం నిరాకరించవచ్చని 2019 ఏప్రిల్‌లో ఇమ్మిగ్రేషన్ విభాగం మార్గదర్శకం ఇచ్చింది. ఆ నెలలోనే అప్పటి డెన్వర్ మేయర్ మైకేల్ హాంకాక్ ఇలాంటి వలసదారుల పక్షాన అటార్నీ జనరల్ విలియం బార్‌కు లేఖ రాశారు. పన్నులు కడుతూ, లైసెన్సున్న చోట పనిచేసిన మనిషిని నడవడి లేనివాడనడం అన్యాయం. నా దేశం కాదు కదా అని ఊరుకోలేను.

మన దగ్గర లెక్క ఇంకా కఠినం. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం (ఎన్డీపీఎస్) హషీష్ ఆయిల్ అనే ఇలాంటి సారాన్ని, గంజాయి మొక్క జిగురైన చరస్‌తో కలిపి చూస్తుంది. కిలోకు మించి పట్టుబడితే వాణిజ్య పరిమాణం, కనీస శిక్ష పదేళ్లు. గంజాయికైతే ఆ హద్దు 20 కిలోలు. పాడేరు, సీలేరు దారుల్లో మూటలు మోస్తూ దొరికే గిరిజన కుర్రవాళ్ల వార్తలు చదివినప్పుడల్లా జూలై 10 వరుసలు కళ్ల ముందుకు వస్తాయి. ఆ రెండింటినీ ఒకచోట పెట్టి ఆలోచించడం నాకు ఇప్పటికీ కష్టంగానే ఉంది.

వేసవిలో కొత్తగా వచ్చే మన విద్యార్థులు, “అక్కా, ఇక్కడ చట్టబద్ధమే కదా, ఒక్కసారి చూస్తే ఏమిటి?” అని అడుగుతారు. నేను నీతులు చెప్పను. కొనవద్దు, ఆ దుకాణాల్లో పార్ట్‌టైమ్ పని ఒప్పుకోవద్దు, చేతిలో పట్టుకుని ఫొటోలు దిగవద్దు అంటాను. విమానాశ్రయంలో అధికారి ఫోను తెరిచి చూడవచ్చు. కేసు, శిక్ష ఏవీ లేకపోయినా వాడానని ఒప్పుకున్న మాటే ప్రవేశాన్ని ఆపవచ్చు. ఇప్పటికే వాడి ఉంటే, ఇండియా టికెట్టు కొనకముందే ఇమ్మిగ్రేషన్ లాయరును కలవమంటాను. ఫీజుకు ఇబ్బంది పడేవాళ్లను విశ్వవిద్యాలయంలో ఉచిత న్యాయ సలహా దొరుకుతుందేమో ముందు కనుక్కోమంటాను.