మే 31న అడుగంటిన శ్రీశైలం

ఎంటెక్ ప్రాజెక్టుకు జలవిద్యుత్ ప్రణాళికను ఎంచుకున్నాను. శ్రీశైలం, నాగార్జునసాగర్, పులిచింతల, చివరన మా విజయవాడ ప్రకాశం బ్యారేజీ. ఏ రోజు ఎంత నీటిని టర్బైన్లకు వదిలితే ఏడాదిలో ఎక్కువ విద్యుత్ వస్తుందో కంప్యూటర్ చెప్పాలి. పైథాన్‌లో రాసి, సరళ సమీకరణాల లెక్కలను సాధించే, ఉచితంగా దొరికే జీఎల్‌పీకే అనే సాఫ్ట్‌వేర్‌తో సాధించాలనుకున్నాను.

మొదటి వారం కొలతలతోనే గడిచింది. మన దగ్గర నీటిమట్టం అడుగుల్లో, నిల్వ టీఎంసీల్లో, ప్రవాహం క్యూసెక్కుల్లో చెబుతారు. విద్యుత్ సూత్రానికి మీటర్లు, ఘనపు మీటర్లు కావాలి. 11,574 క్యూసెక్కులు రోజంతా పారితే ఒక టీఎంసీ. ఆ అంకెను కాగితం మీద రాసి, గుణదలలోని నా గదిలో గోడకు అంటించాను.

అసలు చిక్కు ఎత్తు దగ్గర వచ్చింది. 90 శాతం సామర్థ్యం లెక్కన, ఒక టీఎంసీ నీరు 80 మీటర్ల ఎత్తు నుంచి దిగితే సుమారు 55 లక్షల యూనిట్లు వస్తాయి. అదే నీరు 60 మీటర్ల నుంచి దిగితే 41 లక్షల చిల్లరే. ఈరోజు తోడిన నీరు రేపటి నీటి బలాన్ని కూడా తగ్గిస్తుందన్నమాట. ప్రవాహాన్ని ఎత్తుతో గుణించే ఈ లెక్క సరళ సమీకరణాల్లో ఇమడదు. శ్రీశైలం నిండు మట్టం 885 అడుగుల నుంచి కిందికి పది మెట్లుగా విడగొట్టి, ఒక్కో మెట్టుకు ఒక్కో ఎత్తు ఇచ్చాక గానీ జవాబు రాలేదు.

జూన్ 1 నుంచి మే 31 వరకు నీటి సంవత్సరమంతా నడిపాను. యూనిట్ల మొత్తం చూసి పొంగిపోయాను. ఆ వారమే తెనాలి దగ్గర సేద్యం చేసే బాబాయి వచ్చాడు. జలాశయాల నీటిమట్టం గ్రాఫు చూపించాను. ఆయన వేలు గీత వెంట నెమ్మదిగా సాగి, కుడివైపు కింది మూలలో ఆగింది.

“కరెంటు సరే నాన్నా. జూన్‌లో వాన రాకపోతే నారుమళ్లకు నీళ్లెక్కడివి?”

శ్రీశైలం, సాగర్ జలాశయాలు రెండూ చివరి రోజున కనీస మట్టానికి దిగిపోయాయి. మే 31 తర్వాత కూడా లోకం ఉంటుందని నేను ప్రోగ్రాముకు చెప్పలేదు. మిగిలిన నీటికి విలువ లేనప్పుడు చివరి చుక్క దాకా తిప్పెయ్యడమే దానికి లాభం. ఆ రాత్రే, మిగిలే ప్రతి టీఎంసీకీ ఒక ధర కట్టాను. బ్యారేజీలో నిలిచేది మూడు టీఎంసీలే కాబట్టి, కాలువలకు అక్కర లేనప్పుడు పైనుంచి వచ్చే నీరు సముద్రం పాలవుతుంది. డెల్టా అవసరాన్ని నెలవారీ షరతుగా చేర్చాను. యూనిట్లు తగ్గాయి, గీత మాత్రం మూలకు పడిపోకుండా నిలబడింది.

ఇంకో లోపం ఉంది. వరద ఎప్పుడొస్తుందో నా ప్రోగ్రాముకు ముందే తెలుసు. నదికి అలా తెలియదు. 1991లో పెరీరా, పింటో అనే పరిశోధకులు ప్రకటించిన పద్ధతి ఇలాంటి అనిశ్చితి కోసమే పుట్టింది, బ్రెజిల్ జలాశయాలకు వాడుతున్నారు. నేను అంత దూరం వెళ్లలేదు. ప్రస్తుతానికి పాత సంవత్సరాల వరదలను ఒక్కొక్కటిగా ఎక్కిస్తున్నాను, కరువు సంవత్సరాలతో మొదలుపెట్టి.