బోర్డు మూలన పేరు

మా నాన్న బోర్డులు రాసేవారు. విజయనగరంలో గంటస్తంభం నుంచి కోట వైపు నడిస్తే, ఒకప్పుడు పది దుకాణాల్లో రెండింటి మీద ఆయన చేతిరాతే ఉండేదని అమ్మ చెబుతుంది. బట్టల కొట్టు కానివ్వండి, మందుల కొట్టు కానివ్వండి, బోర్డు కింద కుడి మూలన గోరంత అక్షరాల్లో తన పేరు, పక్కన ‘ఆర్ట్స్’, ఆ కింద ఫోను నంబరు రాసుకునేవారు. ఆ నంబరు మాది కాదు, పక్కింటి మాస్టారిది. ఫోను వస్తే మాస్టారి భార్య గోడ మీంచి కేక వేసేవారు.

తరువాత ఫ్లెక్సీలు వచ్చాయి. రేకు బోర్డులు ఒక్కొక్కటే దిగిపోయాయి. నాకు తెలిసి ఇప్పుడు ఊళ్లో రెండే మిగిలాయి. వాటిలో ఒకదానికి అడ్డంగా ఏసీ డబ్బా బిగించారు. దుకాణం పేరు సగం దాని వెనక్కి పోయింది కానీ, మూలన నాన్న పేరు మాత్రం కనిపిస్తుంది.

పోయిన వారం సాలూరు నుంచి డిగ్రీ చదివే ఒక చెల్లి రాసింది: “అక్కా, రోజూ బొమ్మ వేసి ఇన్‌స్టాగ్రామ్‌లో పెడుతున్నాను. ఎవరూ చూడటం లేదు. ఏం చేయాలి?” నాలుగు ముక్కల్లో జవాబు రాద్దామని కూర్చున్నాను, చాంతాడంత అయింది. సరే, ఇంకెవరికైనా పనికొస్తుందేమోనని ఇక్కడే పెడుతున్నాను. ముందే ఒక మాట: నేనేమీ ఒడ్డెక్కలేదు. నాలుగేళ్లకు పదకొండు వేల మంది చేరారు. నెలకు రెండు, మూడు పనులు వస్తాయి. రాని నెలలో పిల్లలకు డ్రాయింగు చెప్పి ఇంటి అద్దెలో నా వాటా ఇస్తాను.

మొదటి ఏడాది నేనూ ఆ చెల్లిలాగే రోజుకొకటి వేశాను. హీరోల ముఖాలు, పండ్ల బుట్టలు, ఆ వారం అందరూ ఏ పద్ధతిలో వేస్తే ఆ పద్ధతి. ఒక హీరో పుట్టినరోజుకు వేసిన బొమ్మకు మూడు వేల లైకులు వచ్చాయి. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మరునాడు మా అయ్యకోనేరు గట్టు వేసి పెడితే నలభై ఒకటి. వచ్చినవాళ్లంతా పెళ్లిలో భోజనం చేసి, తాంబూలం పుచ్చుకుని వెళ్లినట్టు వెళ్లిపోయారు. పైగా ఆ ముఖాలు చూసి, పెళ్లి ఫోటో పంపి “మూడు వందలకు వేస్తారా?” అని అడిగేవారు మొదలయ్యారు. అడిగిన వాళ్ల తప్పేముంది? గుమ్మానికి ఏ తోరణం కడితే ఆ పండుగే అనుకుంటారు. అలాంటి బొమ్మలన్నీ తీసేశాను. మిగిలినవి పద్నాలుగు. మనసు చివుక్కుమంది.

పేరు సంగతి కూడా అప్పుడే తేల్చుకోవలసి వచ్చింది. నా పేరు జ్యోత్స్న. ఇంగ్లీషులో ఒకరు ఒక హెచ్ పెడతారు, ఒకరు తీసేస్తారు. నా పదో తరగతి సర్టిఫికెట్టులో ఒకలా, డిగ్రీ పట్టాలో ఇంకోలా ఉంది. అటువంటి పేరును ఎవరు వెతికి పట్టుకుంటారు? నాన్నను అడిగితే, “ఇన్ని ఒత్తులున్న పేరు బోర్డుకు పనికిరాదని నీ బారసాలనాడే చెప్పాను. మీ అమ్మ వినలేదు” అన్నారు. శ్రీకాకుళంలో 1921లో పుట్టిన చిత్రకారుడు వడ్డాది పాపయ్య గారు బొమ్మ మీద వ.పా. అని రెండే అక్షరాలు వేసేవారు. ఇంటర్నెట్టు లేని రోజుల్లోనే పత్రికల అట్టల మీదుగా ఆ రెండక్షరాలు తెలుగువారి ఇళ్లలోకి వెళ్లాయి. నాకు అంత లేదు గానీ, ఒక్క అక్షరం ‘జ్యో’ నాకు చాలనుకున్నాను. సంతకం అదే. ఖాతా పేరులోనూ, బొమ్మలు వేసేవాళ్లు తమ పనులు చూపించుకునే బెహాన్స్ సైటులోనూ, ఏడాదికి తొమ్మిది వందలు కట్టి కొనుక్కున్న సొంత వెబ్‌సైటు పేరులోనూ ఒకే స్పెల్లింగు ఉంచాను. పరిచయంలో మాత్రం పూర్తి పేరు తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాసి, పక్కన ‘పుస్తకాలకు బొమ్మలు, తెలుగు అక్షరాలు – విజయనగరం’ అని పెట్టాను. ఊరి పేరు ఎందుకు, చిన్న ఊరని తక్కువ చేయరా అని స్నేహితులు అన్నారు. ఇప్పటిదాకా వచ్చిన పనుల్లో సగం ఆ ఊరి పేరు చూసి వచ్చినవే.

ఇక పొందూరు సంగతి. చెల్లికి రాసిన ఉత్తరంలో సగం ఇదే.

2023 వేసవిలో పొందూరు ఖద్దరు మీద ఒక బొమ్మ వేశాను. అక్కడ పత్తిని వాలుగ చేప దవడతో దువ్వుతారని చిన్నప్పుడు విన్న మాట. నెట్‌లో రెండు ఫోటోలు చూసి, ఒక ముసలమ్మ ముందు మేఘంలాంటి తెల్లని దూది గుట్ట, ఆమె చేతిలో జానెడు దవడ... రంగులు నాకే ముచ్చటేసేలా కుదిరాయి. పెట్టాను. అందరూ బాగుందన్నారు. రెండో రోజు ఒక అమ్మాయి సందేశం పంపింది: “మా మామ్మ ఇప్పటికీ వడుకుతుంది. మీ బొమ్మ చూపించాను. బాగుందంది. కానీ గింజ ఏది అని అడుగుతోంది.”

గింజ ఏమిటో నాకు అర్థం కాలేదు. బొమ్మ తీసేద్దామనుకున్నాను. తరువాత సిగ్గు వదిలి, వచ్చి చూడవచ్చా అని అడిగాను. ఆదివారం ఉదయం ప్యాసింజరు ఎక్కి నెల్లిమర్ల, గరివిడి, చీపురుపల్లి దాటి పొందూరులో దిగాను.

మామ్మ గారు గుమ్మం పక్కన వెలుతురులో కూర్చుని ఉన్నారు. గుట్టలోంచి ఒక్క గింజ తీశారు, దూది ఇంకా దానికి అంటుకునే ఉంది. నేను చేసిన తప్పు అదే: దువ్వడం గింజ తీయకముందు పని. ఆ దవడ ముక్క జానెడు కాదు, వేళ్ల మధ్య ఇమిడిపోయేది. దానికి ఈరుబానకు కూడా లేనంత సన్నని పళ్లు. గింజను ఎడమ చేత్తో పట్టుకుని దూదిని కొద్దికొద్దిగా దువ్వుతుంటే చెత్త, నలుసు రాలిపోయి పోగులన్నీ ఒకవైపు తిరిగాయి. చివరికి ఆ గింజ స్నానం చేయించి తల దువ్విన పసిపాపలా తయారైంది. తరువాత చెక్క మీద పెట్టి ఇనుప కడ్డీ దొర్లిస్తే గింజ ఒకవైపు, దూది ఒకవైపు. ఏకులు చుట్టి ఎండిన అరటి డొప్పలో పెట్టుకున్నారు, చేతి మురికి అంటకుండా. ఒక్కొక్క గింజకు ఇంత సేవ. నేను మేఘం వేసేశాను.

నోటుబుక్కు చేతికిస్తే మామ్మ గారు బొమ్మను దూరంగా పట్టుకుని చూసి, “నా వేళ్లు ఇంత సన్నంగా ఉన్నాయా అమ్మా?” అన్నారు. నవ్వారు కానీ, నేను వేళ్లు మళ్లీ గీశాను. కణుపులు లావు, బొటనవేలి గోరు పక్కకు అరిగి ఉంది.

గింజ నుంచి గుడ్డ దాకా ఏడు బొమ్మలు వేశాను. మొదటి బొమ్మగా నా తప్పు బొమ్మనే పెట్టి, దాని కింద ‘గింజ ఏది?’ అని రాశాను. ఆ వరుస ఎంత దూరం వెళ్లిందంటే, శ్రీకాకుళం జిల్లా బడుల్లో పనిచేసే ఇద్దరు టీచర్లు గోడకు అంటించుకుంటామని అనుమతి అడిగారు. మూడు నెలలకు హైదరాబాదులో పిల్లల పుస్తకాలు వేసే ఒక చిన్న ప్రచురణ సంస్థ నుంచి మెయిలు వచ్చింది. ముప్పై రెండు పేజీల పుస్తకం, నా మొదటి పెద్ద పని. ఆ సంపాదకురాలు తరువాత ఫోనులో చెప్పారు: బాగా గీసేవాళ్లు చాలామంది దొరుకుతారు, తెలియకపోతే అడిగి మళ్లీ గీసే మనిషి కోసం చూస్తున్నామని.

ఇక మా ఊరి పండుగ సంగతి. 2024లో సిరిమానోత్సవం అక్టోబరు 15న వచ్చింది. దసరా తరువాతి మంగళవారం మా ఊరికి అసలు పండుగ. చింతమాను కొసన ఆసనం కట్టి పైడితల్లి అమ్మవారి పూజారిని కూర్చోబెట్టి, గుడి దగ్గర నుంచి కోట దాకా మూడుసార్లు తిప్పుతారు. జనం అరటిపళ్లు విసురుతారు. ప్రతివాళ్లూ కింద నిలబడి పైకి చూస్తూ వేస్తారు కదా అని నేను పూజారి కళ్లతో కిందికి చూస్తూ వేశాను. మేడల మీద తలలు, పైకెత్తిన చేతులు, గాలిలో మధ్యలో ఆగిన ఒక అరటిపండు. పంతొమ్మిది రోజులు పట్టింది. పండుగకు నాలుగు రోజుల ముందు పెట్టాను.

పండుగ ముందు రోజు సాయంత్రం నాన్న పూలు, అరటిపళ్ల సంచితో వచ్చి, “అమ్మా, నీ బొమ్మ మూడు లాంతర్ల జంక్షన్ దగ్గర వేలాడుతోంది” అన్నారు. వెళ్లి చూశాను. స్వాగతం ఫ్లెక్సీ. చుట్టూ చేతులు జోడించిన ఎనిమిది ముఖాలు, మధ్యలో నా సిరిమాను. కింది మూలన ‘జ్యో’ ఉండాల్సిన చోట ఎవరిదో తలపాగా. ఏం పగబట్టిందో గానీ, నాన్న పని తినేసిన ఫ్లెక్సీయే నా బొమ్మనూ మింగేసింది.

నేను జాగ్రత్తగా 1080 పిక్సెళ్ల వెడల్పు బొమ్మే పెట్టాను. అంగుళానికి 300 చుక్కల లెక్కన పుస్తకంలో అచ్చు వేస్తే అది మూడున్నర అంగుళాలకు కాస్త పైన, అంతే. అంతకు మించి పెంచితే మసక. ఏ4 కాగితం నిండా రావాలంటే 2480, 3508 పిక్సెళ్లు ఉండాలి. అది నా దగ్గరే ఉంటుంది. ఈ లెక్కతో కాస్త ధీమాగా ఉన్నాను. ఫ్లెక్సీని దూరం నుంచి చూస్తారు, దానికి మసక అడ్డు కాదన్న సంగతి తట్టలేదు.

ఇంటికి వచ్చి ఏడుస్తుంటే నాన్న అన్నారు: “రేకు మూల కోయాలంటే కత్తెర కావాలి, నిచ్చెన కావాలి. అందుకే నేను మూలన రాసేవాడిని. నీది వేలితో కోస్తున్నారు. ఇంకా మూలనే ఎందుకు? లోపల పెట్టు.” అప్పటి నుంచి నా పేరు బొమ్మ లోపల ఉంటుంది. సోడా బండి మీద, డప్పు అంచున, బస్సు నంబరు పలక మీద, లేదంటే వీధి చివరన దుకాణం బోర్డు మీద. కోయాలంటే బొమ్మే పోవాలి. ఇప్పుడు కొందరు ‘జ్యో’ ఎక్కడుందో వెతకడానికే వస్తున్నారు, అది నేను అనుకోని లాభం.

హక్కుల సంగతి కూడా చెల్లికి రాశాను, ఎవరూ ముందుగా చెప్పరు కాబట్టి. పలాసలో ఒక జీడిపప్పు వ్యాపారి ప్యాకెట్టుకు బొమ్మ అడిగారు. నోటిమాట మీద వేసి ఇచ్చాను. సంక్రాంతికి అదే బొమ్మ ఆయన క్యాలెండరు మీద, సంచుల మీద. అడిగితే “డబ్బులిచ్చాం కదమ్మా” అన్నారు. 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం హక్కు రాసిచ్చేదైతే అది కాగితం మీద, సంతకంతో ఉండాలి. ఎంతకాలమో రాయకపోతే అయిదేళ్లు, ఎక్కడెక్కడో రాయకపోతే భారతదేశం వరకు అని లెక్క. ఇప్పుడు ఏ పనికైనా ముందు ఒక పేజీ మెయిలు పంపుతాను: దేనికి, ఎన్నాళ్లకు, ఎంత. కొందరు అది చూసి మళ్లీ రాయరు. రాయకపోతేనే మేలు.

అక్షరాల గురించి ఇంకొక్క ముక్క. కొన్ని సాఫ్ట్‌వేర్‌లలో సెట్టింగు సరిగా లేకపోతే తెలుగు ఒత్తులు విడిపోతాయి. నా పేరే టైపు చేస్తే అక్షరాలు చెట్టుకొకటి పుట్టకొకటి అయ్యాయి. సెట్టింగు మార్చుకున్నాను గానీ, ఈలోపు విసుగొచ్చి శీర్షికలు కుంచెతో రాయడం మొదలుపెట్టాను. చదును కుంచె పట్టుకోవడం, తలకట్టు దగ్గర మణికట్టు తిప్పడం నాన్న నేర్పారు. బొమ్మల కోసం వచ్చే వాళ్లకంటే ఇప్పుడు అక్షరాల కోసం వచ్చే వాళ్లే ఎక్కువ.

అలా వచ్చినవారే శ్రీకాకుళంలోని ఒక మిఠాయి కొట్టు యజమాని. పాత పద్ధతిలో, చెక్క మీద, చేత్తో రాసిన బోర్డు కావాలన్నారు. పధ్నాలుగేళ్ల తరువాత నాన్న కుంచెలు కిరోసిన్‌లో నానబెట్టారు. పెద్ద అక్షరాలు ఆయన, పూతరేకుల బొమ్మ నేను. నాలుగు రోజులు పట్టింది. చివరికి మూల దగ్గరికి వచ్చి ఆయన తన పేరు, పక్కన ‘ఆర్ట్స్’ రాసి ఆగారు.

“నంబరు వద్దు, నాన్నా. నా ఖాతా పేరు రాయండి” అన్నాను.

ఫోను చూపించాను. కళ్లజోడు పైకి జరిపి చాలాసేపు చూశారు. పేరుకు ముందు ఉండే ఆ ‘ఎట్’ గుర్తు ఆయన జీవితంలో ఎప్పుడూ రాయలేదు. “లోపల నుంచి మొదలుపెట్టాలా, బయట నుంచా?” అని అడిగారు. నాకూ తెలియదు, ఎప్పుడూ మీట నొక్కడమే. పాత పేపరు అంచున సుద్దముక్కతో నాలుగుసార్లు చుట్టి చూసుకుని, అయిదోసారి కుంచె ముంచారు.